రెండించుల కాడ

హవల్లీల బడి. మూడో అంతస్తు.
పైకప్పుకు పట్టా ఉన్నది, రైలు పట్టా లెక్క,
మంచం మీదికెల్లి కుర్చీ దాకా,
కుర్చీ మీదికెల్లి బాత్‌రూం దాకా.
గంతే దాని దేశం.
నేను దాని డ్రైవర్ను.

పదకొండేండ్లు అహ్మదీల రిగ్గర్‌ పని చేసిన.
ఇరవై టన్నుల పైపులు
నా రెండేళ్ల సైగకు లేచేటియి, దిగేటియి.
అక్కడ మొదటి సబక్:
లేచినదాని కింద నిలబడకు.
రెండోది: లేచినదాన్ని చేత్తోని ముట్టకు.
లేబుల్ చిరిగిన బెల్టును చూపిస్తే
"ఈ ఒక్కపారికే" అన్నరు ఒకనాడు.
పసుపుపచ్చ హెల్మెట్ ఒకటి
ఉప్పునేల మీద దొర్లుకుంట పోయింది.

ఇప్పుడు నేను లేపే బరువు ముప్పైనాలుగు కిలోలు.
పేరు జాసిం.
మాట రాదు. కండ్లు మాట్లాడుతయి:
పైకి చూస్తే అవును,
రెప్పలు మూస్తే కాదు.

పొద్దుగాల స్లింగ్‌ను వెలుతురుకు పట్టుకుంట.
కుట్టుకుట్టుకూ బొటనవేలి గోరు నడిపిస్త.
సిరిసిల్లల మా నాయిన, సాంచల మోతల
తెగిన పోగును చెవితోని పట్టేటోడు.
నాకు గోరుతోని తెలుస్తది.
పోగు లేచిందా, పక్కకు పెట్టుడే.
లోర్నా నవ్వుతది,
"నిన్ననే చూసినవ్ గదా."
నిన్నటి కుట్టు నిన్నటిది, లోర్నా.

ఆమె అటు, నేను ఇటు.
ఎంత బలమున్నా ఒక్కరితోని అయ్యే పని కాదిది.
పక్కకు దొర్లించి, వీపు కింద పరిచి,
నడుము కిందికి సాపుగ గుంజి,
తొడల కిందికెల్లి పట్టీలు తెచ్చి,
భుజాల కాడ పచ్చ రింగంటే రెండు దిక్కుల పచ్చనే,
కాళ్ల కాడ నీలమంటే రెండు దిక్కుల నీలమే.
పైనున్న కడ్డీ నుదురుకు తగలకుంట
నా అరచెయ్యి అడ్డం.
కుర్చీకి బ్రేకు. ఇంకొకపారి బ్రేకు.
అప్పుడడుగుత,
"జాసిం, లేపన్నా?"
అడిగి ఆగుత.
ఆగుడే ఈ పనిల కష్టం.

మోటరు సన్నగ మూలుగుతది.
పరుపు మీదికెల్లి రెండించులు.
ఆపు.
నాలుగు కొక్కేలు, నాలుగు రింగులు, ఒక మొఖం.
ఇరవై టన్నులకైనా గింతే చూసేటోన్ని,
మొఖం తప్ప.

మొన్న ఆదివారం ఈతకు పోయే దినం.
కింద బస్సు హారను. యల్లా, యల్లా.
రెండించుల కాడ ఆపిన.
కొక్కేలు సరిగ్గనే ఉన్నయి. రింగులు సరిగ్గనే ఉన్నయి.
జాసిం రెప్పలు మూసిండు,
నిమ్మకాయ కొరికినట్టు, గట్టిగ.
"భయం కావచ్చు, కానియ్యి" అన్నరు తలుపు కాడ ఎవరో.
"ఈ ఒక్కపారికి" అని కూడా అన్నరు.

దించిన.
విప్పిన.
తొడ కింద పట్టీ మడతపడి
దాంట్ల చర్మం చిక్కుకున్నది.
చింతగింజంత ఎరుపు.
నర్సు వచ్చి చూసింది.
బస్సు పోయింది.
మల్ల మొదటికెల్లి, దొర్లించుడు, పరుచుడు, పచ్చ, పచ్చ, నీలం, నీలం.
మల్ల అడుగుడు.

పదకొండేండ్లల ఒక్క పైపన్నా
నాకు కాదనలేదు.
అంటే వినేటోన్నో లేదో.

అక్కడ ముట్టకన్నరు,
ఇక్కడ చెయ్యి తియ్యకంటరు.
నా ఎడమ చెయ్యి వాని మోకాలు మీద
అద్దరి దాకా తోడొస్తది.
షువై షువై, ఊగకుంట.

పట్టా నడిమిట్ల కిటికీ వస్తది.
కుర్చీల కూసుంటే వానికి గోడనే కనపడుతది,
పండుకుంటే పైకప్పే.
ఇంత ఎత్తుకు లేస్తేనే
దూరంగ నీళ్ల టవర్లు,
నీలం చారలు, తెల్ల చారలు,
ఎవరో దారం చుట్టి నిలబెట్టిన కండెల లెక్క.
ఆడికి రాంగనే బటన్ మీదికెల్లి వేలు తీస్త.
ఎక్కువసేపు కాదు. మూడు ఊపిర్లు.

నేనేమీ అడగలేదు.
జాసిం పైకి చూసిండు.

కుర్చీల దించి, బెల్టు పెట్టి,
రింగులు విప్పి, కడ్డీని మీదికి పంపి,
రిమోటును గోడకు తగిలిచ్చిన.
పచ్చ లైటు ఎలిగిందా లేదా
వంగి చూసిన.
ఎలిగింది.